గూగుల్‌లో 41,000 సార్లు కనిపించాం, ఫోను మోగింది రెండు సార్లు. కీవర్డ్ ఎలా ఎంచుకోవాలి?

అక్కకు_తమ్ముడు
కేపీహెచ్‌బీ ఆరో ఫేజులో మా అక్కకు మగ్గం వర్క్ షాపు ఉంది. రెండు మగ్గాలు, నలుగురు పనివాళ్లు, ఒక కుట్టుమిషను. పదేళ్లు నోటిమాట మీదే నడిచింది. కిందటేడు నేనే ఉత్సాహపడి వెబ్‌సైటు పెట్టించాను. గూగుల్‌లో పైకి తెస్తామన్న ఒక ఏజెన్సీకి నెలకు 12,000 చొప్పున ఆరు నెలలు కట్టాం. వాళ్లు ఎంచిన కీవర్డ్, అంటే జనం గూగుల్‌లో కొట్టే మాట, "మగ్గం వర్క్ బ్లౌజ్ డిజైన్స్". దీన్ని వెతికేవాళ్లకు లెక్కే లేదన్నారు. పైకి తెచ్చారు కూడా, అబద్ధమాడకూడదు.

సైటు ఉన్నవాళ్లకు గూగుల్ ఇచ్చే లెక్కల పేజీ, సెర్చ్ కన్సోల్‌లో గత మూడు నెలల లెక్క ఇది: ఆ మాటకు 41,000 సార్లు కనిపించాం, 610 మంది నొక్కి లోపలికి వచ్చారు. ఫోను చేసింది ఇద్దరు. అందులో ఒకావిడ ఫోటోలు వాట్సాప్‌లో పంపమంది, వాళ్ల ఊళ్లో టైలరుకు చూపించాలట.

అక్క ఒకటే మాట అడిగింది. "చూసి పోయేవాళ్ల కోసం నెలకు పన్నెండు వేలా? ఆ డబ్బుకు ఇంకో మగ్గం వేసుకునేదాన్ని కదరా." నా దగ్గర జవాబు లేదు. కీవర్డ్ తప్పా, సైటు తప్పా, మా పనికి ఇదంతా అనవసరమా? ఏజెన్సీ పేరు మాత్రం అడగకండి, చెప్పను.

ఖాళీ_డబ్బా
ఆ 41,000లో కనీసం నలభై సార్లు మా ఆవిడే అయి ఉంటుంది. ఏమీ కుట్టించదు. ఫోను నిండా బ్లౌజులే.

పాత_వెబ్‌మాస్టర్
మీ కీవర్డ్‌లో చివరి మాట ఒక్కటి చూడండి. డిజైన్స్. అది బొమ్మలు చూడాలనుకునే మనిషి మాట. ఆ మనిషి గుంటూరులో ఉండవచ్చు, డల్లాస్‌లో ఉండవచ్చు, పక్క వీధి టైలరు దగ్గరే కూర్చుని ఉండవచ్చు. ఆవిడకు కావలసింది ఫోటో, దొరికింది, వెళ్లిపోయింది. మీ మీద కోపం ఏమీ లేదు.

నేను కీవర్డ్ ఎంచేముందు అంకెలు చూడను. ఆ మాటను గూగుల్‌లో కొట్టి, వచ్చే పేజీ చూస్తాను. వరుసగా ఫోటోలు, వీడియోలు వస్తే అది చూసే మాట. మ్యాపు, దాని కింద మూడు దుకాణాలు వస్తే అది వెళ్లే మాట. ఇప్పుడు "మగ్గం వర్క్ కేపీహెచ్‌బీ" అని కొట్టి చూడండి. మనిషి ఏ ఉద్దేశంతో వెతుకుతున్నాడో గూగుల్ మనకంటే ముందే తేల్చేసి ఉంటుంది. దాన్ని కాదని మనం నెగ్గలేము.

అంకెలపిచ్చి
పైన చెప్పినదానితో సగమే ఏకీభవిస్తాను. 41,000కి 610 అంటే ఒకటిన్నర శాతం. చూసే మాటకు అది చెత్త అంకె కాదు. 610 మంది గుమ్మం దాకా వచ్చారంటే తప్పు కీవర్డ్‌ది కాదు, గుమ్మం లోపల ఏముందన్నది ప్రశ్న. ఆ పేజీలో ధర ఉందా? ఫోను నంబరు ఎక్కడుంది? షాపు హైదరాబాదులో ఉందని మొదటి రెండు లైన్లలో తెలుస్తుందా?

అక్కకు_తమ్ముడు
@అంకెలపిచ్చి ధర లేదు. పక్క షాపువాళ్లు చూస్తారని అక్క పెట్టనివ్వదు. ఫోను నంబరు పేజీ అడుగున ఉంది. ఊరి పేరు... ఇప్పుడే చూశాను, ఎక్కడా లేదు. నవ్వకండి.

ఖాళీ_డబ్బా
నవ్వాను.

సంపు_మనిషి
మాది మల్కాజ్‌గిరిలో సంపులు, ట్యాంకులు కడిగే పని. మీకు జరిగినదానికి నాది సరిగ్గా తలకిందులు. మీకు జనం వచ్చారు, ఫోను రాలేదు. నాకు మొదటి ర్యాంకు వచ్చింది, జనమే లేరు.

డబ్బు కట్టిన చోటి నుంచి ప్రతి ఒకటో తేదీన రంగుల రిపోర్టు వచ్చేది. పది కీవర్డ్‌లు, పదింటికీ పచ్చ బాణాలు, ఆరింటికి మొదటి స్థానం. ఫ్రేము కట్టించుకోవాలనిపించేది. ఒకరోజు మా డ్రైవరు ఆ కాగితం చూసి, "అండర్‌గ్రౌండ్ వాటర్ స్టోరేజ్ హైజీన్ సొల్యూషన్స్ అంటే ఏమిటి సార్?" అన్నాడు. సంపు కడగడమే అన్నాను. "మరి అలాగే రాయవచ్చు కదా సార్" అన్నాడు. నెలకు పదివేలు తీసుకునేవాళ్లకు తట్టలేదు, నాకూ తట్టలేదు. ఎవరూ వెతకని మాటకు మొదటి స్థానం రావడంలో గొప్పేముంది? పరుగు పందెంలో ఒక్కడే పరుగెత్తినట్టు.

ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి ఫోనులో మొదటి వాక్యం రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి వాక్యమే, రెండోది వద్దు. రెండో వాక్యానికి మనం మాట్లాడించేస్తాం, వాళ్లు మన మాటలు పట్టుకుంటారు. ఎవరూ "ట్యాంకు శుభ్రత సేవలు కావాలి" అనలేదు. "సంపులో పురుగులు కనబడుతున్నాయండి." "ట్యాంకరు నీళ్లు పోయించాక అడుగున మట్టి చేరింది." "అపార్టుమెంటు సంపు, ఇరవై వేల లీటర్లు, ఎంత తీసుకుంటారు?" ఆ మూడు వాక్యాలూ ఇప్పుడు మా సైటులో మూడు పేజీలు.

కోఠి_పుస్తకం
@సంపు_మనిషి ఆ డ్రైవరుకు జీతం పెంచారా?

సంపు_మనిషి
@కోఠి_పుస్తకం పెంచాను. ఇప్పుడు రిపోర్టు ఇమ్మంటే ఇవ్వడు, అంతే తేడా.

ఉప్పల్_ఉప్పు
ఇంత ఆలోచన ఎందుకు? మా బావమరిది ఏసీ రిపేరు సైటుకు హైదరాబాదులో ఉన్న పేటలన్నీ వేసి 60 పేజీలు చేయించాడు. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, నాచారం, రామంతాపూర్... మాటలు అవే, పేట పేరు మాత్రం మారుతుంది. ఒక్క రాత్రిలో పని అయిపోయింది.

పాత_వెబ్‌మాస్టర్
@ఉప్పల్_ఉప్పు ఒక్క రాత్రిలో అయ్యే పని కనకనే గూగుల్‌కు అది బాగా తెలుసు. వాటిని డోర్‌వే పేజీలు అంటారు. 60 తలుపులు, ఏది తీసినా అదే గది. 2015లో వాటి మీద ప్రత్యేకంగా వేటు వేస్తామని గూగుల్ ప్రకటించింది, ఇప్పటికీ స్పామ్ నిబంధనల్లో ఉంది. నిజంగా తార్నాకలో చేసిన పని, అక్కడి ఫోటో, అక్కడికి వెళ్లడానికి తీసుకునే చార్జి ఉంటే తార్నాక పేజీ పెట్టుకోవచ్చు. చెప్పడానికి ఏమీ లేకపోతే పేజీ వద్దు.

ఉప్పల్_ఉప్పు
మొదటి నాలుగు నెలలు బాగానే వచ్చాయి మరి.

పాత_వెబ్‌మాస్టర్
తర్వాత?

ఉప్పల్_ఉప్పు
తర్వాత సంగతి బావమరిదిని అడగాలి. ఈ మధ్య ఆ విషయం ఎత్తితే మాట మారుస్తున్నాడు.

ఆరి_సూది
ఏడేళ్లు చెన్నైలో ఉండి వచ్చాను. అక్కడ మగ్గం వర్క్ అంటే ఎవరికీ అర్థం కాదు, ఆరి వర్క్ అనాలి. పని ఒకటే, అదే కొక్కెం సూది. మన దగ్గర చట్రం పేరు పట్టుకున్నాం, వాళ్లు సూది పేరు పట్టుకున్నారు. హైదరాబాదులో ఉన్న తమిళులు, ఉత్తరాది వాళ్లు వెతికేటప్పుడు ఆరి అనో జర్దోసీ అనో కొడతారు. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు నుంచి కూడా కస్టమర్లు కావాలంటే పేజీలో ఒక్కచోటైనా ఆ మాటలు ఉండాలి. గూగుల్ ట్రెండ్స్‌లో రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఏ రాష్ట్రంలో ఏది నడుస్తుందో చూడవచ్చు. అక్కడ కనిపించే 0 నుంచి 100 మనుషుల లెక్క కాదని మాత్రం గుర్తుంచుకోండి. అత్యధికంగా వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తారు.

అంకెలపిచ్చి
ట్రెండ్స్ సంగతి వచ్చింది కాబట్టి కీవర్డ్ ప్లానర్ గురించి నాలుగు మాటలు. ఏ మాటను నెలకు ఎంతమంది వెతుకుతారో ప్రకటనలిచ్చేవాళ్లకు గూగుల్ చూపించేది అది. దాన్ని సగం మంది తప్పుగా చదువుతారు. ప్రకటనలకు డబ్బు పెట్టని ఖాతాకు ఖచ్చితమైన అంకె ఇవ్వదు, 100 నుంచి 1,000 అని, 1,000 నుంచి 10,000 అని విశాలంగా చెబుతుంది. నెలకు 110 మందీ 900 మందీ అక్కడ ఒకే గూటి పక్షులు. తర్వాత, ప్రాంతం మార్చకపోతే దేశం మొత్తం లెక్క చూపిస్తుంది, దాన్ని హైదరాబాదుకు తగ్గించుకోవాలి. దగ్గరి మాటల్ని కలిపేసి అన్నింటికీ ఒకే అంకె వేస్తుంది, అది మూడో సంగతి.

అసలు గోతి "పోటీ" అనే గడి. "పోటీ తక్కువ" అని చూసి ఎగిరి గంతేస్తారు. అది ప్రకటనదారుల మధ్య పోటీ. మామూలు ఫలితాల్లో పైకి రావడం తేలికో కష్టమో దానికి తెలియదు. "మగ్గం వర్క్ బ్లౌజ్ డిజైన్స్"కు అక్కడ పోటీ తక్కువ అని ఉన్నా ఆశ్చర్యపోను, ఎందుకంటే చూసి పోయే మాటకు ఎవరు డబ్బు పెడతారు? అదే మాటకు ఫలితాల్లో మాత్రం కోట్ల ఫోటోలు.

అక్కకు_తమ్ముడు
ఏజెన్సీ మొదటి రోజు చూపించింది సరిగ్గా ఆ గడినే. ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి మరీ చూపించారు.

గోల్కొండ_గుమాస్తా
మా తమ్ముడు మెటా కీవర్డ్స్ అని కోడులో ఎక్కడో డెబ్బై మాటలు దట్టించాడు. "హైదరాబాద్ బిర్యానీ" కూడా ఉంది అందులో. మాది స్టేషనరీ షాపు. అది పనిచేస్తుందా?

పాత_వెబ్‌మాస్టర్
@గోల్కొండ_గుమాస్తా వెబ్ ర్యాంకింగుకు ఆ ట్యాగును వాడటం లేదని 2009 సెప్టెంబరులోనే గూగుల్ చెప్పేసింది. బిర్యానీ తినేయండి, ట్యాగు తీసేయండి.

బస్సు_పాసు
నాదొక అనుమానం. పేజీ తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? కూకట్‌పల్లికి ఇంగ్లీషు స్పెల్లింగులో చివర వై పెట్టాలా, ఐ పెట్టాలా? దిల్‌సుఖ్‌నగర్‌లో హెచ్ ఉందా లేదా అని మా ఇంట్లోనే రెండు పార్టీలు.

కోఠి_పుస్తకం
హెచ్ పార్టీలో మీరున్నారా?

పాత_వెబ్‌మాస్టర్
@బస్సు_పాసు స్పెల్లింగు తేడాలు గూగుల్ సర్దుకుంటుంది, నిద్ర చెడగొట్టుకోకండి. మెట్రో స్టేషను బోర్డు మీద ఎలా ఉంటే అలా రాయండి. పేరు సంగతి వేరు. ఈ షాపుకు తపాలా చిరునామాలో కూకట్‌పల్లి అని ఉండవచ్చు, ఆ చుట్టుపక్కల వాళ్ల నోట్లో మాత్రం కేపీహెచ్‌బీ. ఒక వై, ఒక ఐ మధ్య తేడా కంటే ఆ రెండు పేర్ల మధ్య తేడా పెద్దది. రెండూ పేజీలో ఉండాలి.

భాష విషయంలో నాకు ఖచ్చితమైన అభిప్రాయం లేదు. మనవాళ్లు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఫోనులో మైకు నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాల్లోనే పడుతుంది. గూగుల్ మన భాషలో మాటతో వెతకడం 2017లో తెచ్చింది, వాక్యం భావాన్ని పట్టుకునే బెర్ట్‌ను 2019 డిసెంబరులో తెలుగుతో సహా 70కి పైగా భాషలకు విస్తరించింది. అరవై దాటిన మా అమ్మ టైపు చేయదు, మైకుతో మాట్లాడుతుంది, అదీ పూర్తి వాక్యంలో, "అండి" తగిలించి మరీ.

పన్నుల_పంతులు
తెలుగు అక్షరాల్లో రాసేవాడి కష్టం నన్ను అడగండి. ఆస్తి పన్ను గురించి తెలుగులో వ్యాసాలు రాస్తాను. మొదట్లో శీర్షికలన్నీ "పన్ను ఎలా కట్టాలి", "పన్ను గడువు", "పన్ను ఎక్కువ వస్తే ఏమి చేయాలి" అని పెట్టాను. సెర్చ్ కన్సోల్ తెరిచి చూస్తే నన్ను ఏ మాటలకు చూపించారో తెలుసా? "పన్ను నొప్పికి చిట్కాలు", "పన్ను పీకించుకున్నాక ఏమి తినాలి". డెబ్బయ్యో స్థానంలో అనుకోండి, అయినా ఒకరిద్దరు అంత దూరం వచ్చి నొక్కారు. ఆ నొప్పిలో వచ్చి నా ఆస్తి పన్ను వ్యాసం చదివిన మనిషిని తలచుకుంటే ఇప్పటికీ జాలి వేస్తుంది.

ఖాళీ_డబ్బా
రెండూ పీకేవే కదండి.

పన్నుల_పంతులు
@ఖాళీ_డబ్బా ఒకటి ఒకసారే పీకుతారు. రెండోది ఏడాదికి రెండుసార్లు.

అసలు విషయం అది కాదు. సర్కారు కాగితంలో "ఆస్తి పన్ను". మనిషి నోట్లో "ఇంటి పన్ను", ఇంకా ఎక్కువగా "హౌస్ ట్యాక్స్". నేను కాగితం భాషలో రాస్తూ కూర్చున్నాను. జీహెచ్‌ఎంసీ ఎర్లీ బర్డ్ కింద ఏప్రిల్‌లో ముందే కట్టేవాళ్లకు 5 శాతం తగ్గిస్తుంది కదా, ఆ నెలలో జనం వెతికేది రాయితీ గురించే అనుకున్నాను. వాళ్లు వెతికింది "పీటీఐఎన్ నంబర్ ఎక్కడుంటుంది" అని, అంటే ఇంటి పన్ను గుర్తింపు నంబరు. పది అంకెల ఆ నంబరు లేకపోతే ఆన్‌లైన్‌లో ముందుకు కదలదు, పాత రసీదు ఎక్కడో బీరువాలో. దాని మీద పదిహేను లైన్లు రాశాను. నేను ఎంతో కష్టపడి రాసిన మూడు వేల మాటల వ్యాసం కంటే ఆ పదిహేను లైన్లకే ఎక్కువ మంది వస్తారు. కొంచెం బాధగా ఉంటుంది, కానీ ఏమి చేస్తాం.

అక్కకు_తమ్ముడు
సంపు_మనిషి గారు చెప్పినట్టు చేసి చూశాను. అక్క దగ్గర ఆర్డర్ల పుస్తకం ఉంది, కుట్టు కొలతలతో పాటు మార్జిన్‌లో ఏవేవో గీకి ఉంటుంది. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని రెండు నెలలవి తిరగేశాం. ఫోనులో జనం మొదట అడిగిన మాటలు ఇవీ, అక్క చేతిరాతలో ఉన్నవి ఉన్నట్టు:

"కుట్టేసిన బ్లౌజు మీద వర్క్ వేస్తారా?" దాదాపు వారానికొకరు. "అమ్మ పెళ్లిచీర చిరిగింది, అంచు తీసి బ్లౌజుకు వేయగలరా?" "చేతులకు మాత్రమే అయితే ఎంత?" "శుక్రవారం పెళ్లి, ఈ రోజు ఇస్తే అవుతుందా?" (అడిగింది బుధవారం. అక్క పక్కన ఏదో రాసి మళ్లీ కొట్టేసింది.) "బట్ట మేమిస్తాం, వర్క్ మాత్రం చేసి ఇవ్వండి, మా టైలరు కుడతాడు."

వీటిలో ఒక్క దాంట్లో కూడా డిజైన్ అనే మాట లేదు.

ఆరి_సూది
ఆ మొదటి ప్రశ్న బంగారం. కుట్టేసిన బ్లౌజును మగ్గం మీద బిగించలేరు, గుడ్డ చదునుగా సాగాలి. పక్క కుట్లు విప్పి, వర్క్ చేసి, మళ్లీ కుట్టాలి. లైనింగు ఉంటే ఇంకా తలనొప్పి. ఇది ఎక్కడా సరిగ్గా రాసి లేదు, నేనే ఒకప్పుడు వెతికాను. విప్పితే ఎంత, విప్పకుండా చేత్తో వేయగలిగినవి ఏవి అని ఫోటోతో పెడితే ఆ పేజీ చదివినవాళ్లు నేరుగా మీ దగ్గరికే వస్తారు.

అంకెలపిచ్చి
ఒక్క నిమిషం. "కుట్టిన బ్లౌజు మీద మగ్గం వర్క్" అని ప్లానర్‌లో కొట్టి చూశాను. సున్నా. ఎవరూ వెతకని మాటకు పేజీ రాయమంటున్నారు మీరంతా. సంపు_మనిషి గారు ఇందాక తిట్టింది కూడా దీన్నే కదా?

పాత_వెబ్‌మాస్టర్
@అంకెలపిచ్చి తేడా ఉంది. ఆయన పాత కీవర్డ్‌ను ఏ మనిషీ నోటితో అనలేదు. దీన్ని వారానికొకరు ఫోను చేసి అంటున్నారు. ప్లానర్ సున్నా అంటే దాని లెక్కలో లేదని మాత్రమే. రోజూ వచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందు ఎప్పుడూ చూడనివని గూగుల్ చాలా ఏళ్లుగా చెబుతోంది. ఒక్కొక్కరు ఒక్కోలా అడుగుతారు: కుట్టిన, స్టిచ్ చేసిన, రెడీమేడ్, పాత బ్లౌజు మీద. విడివిడిగా అన్నీ సున్నాలే.

2011 దాకా మాకు సుఖం ఉండేది. సైటుకు వచ్చిన ప్రతి మనిషి ఏ మాట కొట్టి వచ్చాడో అనలిటిక్స్‌లో, అంటే సైటుకు వచ్చేవాళ్ల లెక్కల్లో, కనిపించేది. ఆ అక్టోబరులో గూగుల్ వెతుకులాటను ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే బయటివాళ్లు చదవలేకుండా చేయడం మొదలుపెట్టింది, మాటల స్థానంలో "నాట్ ప్రొవైడెడ్" అని ఒకే లైను వచ్చి కూర్చుంది. ఇప్పుడు సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్క ఉంటుంది, అందులోనూ అరుదైన మాటలను వ్యక్తుల గోప్యత కోసం దాచేస్తారు. అంటే మనకు బాగా పనికొచ్చే చిన్న మాటలే కనపడవు. మీ అక్కయ్య మార్జిన్‌లో గీకినవి గూగుల్ ఇచ్చే లెక్కలో ఉండవు, జాగ్రత్తగా దాచుకోండి.

అంకెలపిచ్చి
సరే, ఒప్పుకున్నాను, సగం. కానీ డిజైన్స్ పేజీ తీసేయకండి. ప్రతి ఫోటో కింద "ఇంత నుంచి" అని ధర వేయండి, వాట్సాప్ బటన్ ఫోటో పక్కనే పెట్టండి. అక్కగారిని ఒప్పించే బాధ్యత మీది.

ఉప్పల్_ఉప్పు
షాపు పేరునే గూగుల్ మ్యాపులో "బెస్ట్ మగ్గం వర్క్ కేపీహెచ్‌బీ నియర్ మీ" అని మార్చేస్తే పోలా? న్యూయార్కులో ఒక థాయ్ హోటలు పేరే "థాయ్ ఫుడ్ నియర్ మీ" అట.

సంపు_మనిషి
@ఉప్పల్_ఉప్పు వద్దు బాబూ. వాళ్ల బోర్డు మీదే ఆ పేరుంది, అందుకని చెల్లింది. మ్యాపులో పేరు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలని నిబంధన. నేను పేరు వెనక "సంపు క్లీనింగ్ మల్కాజ్‌గిరి సైనిక్‌పురి నేరేడ్‌మెట్" అని రైలు పెట్టెల్లా తగిలించాను. వానాకాలం మధ్యలో ప్రొఫైలు ఆపేశారు. సరిగ్గా సీజను. తిరిగి రావడానికి బోర్డు ఫోటో, కరెంటు బిల్లు అన్నీ పంపాను, మూడు వారాలు పట్టింది. "నియర్ మీ" అని మనం రాయనక్కర్లేదు, వెతికేవాడు ఎక్కడున్నాడో ఫోనే చెబుతుంది. మాటకు సంబంధం, దూరం, పేరు ప్రతిష్ఠ, ఈ మూడే చూస్తామని గూగుల్ అంటుంది. దూరం మన చేతిలో లేదు.

బస్సు_పాసు
ఇప్పుడు అన్నింటికీ పైన ఏఐ జవాబు వచ్చేస్తోంది కదా. 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ మొదలైంది. ఇక సైటు తెరిచేదెవరు?

ఆరి_సూది
అది బ్లౌజు కుట్టి ఇవ్వదు కదండి.

గోల్కొండ_గుమాస్తా
ఒక చిన్న హెచ్చరిక. కొత్త పేజీలు పెట్టాక పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి సంబరపడకండి, ఏడవకండి. పెళ్లి బట్టల వ్యాపారం ఇంగ్లీషు నెలల మీద నడవదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. 2024లో అదే వ్రతం 16న. మా పక్కన పట్టుచీరల షాపతను 2023 జూలై లెక్క చూసి ఎస్‌ఈఓ (గూగుల్‌లో పైకి తెచ్చే పని) పాడైందని ఆ పని చూసే కుర్రాడిని మార్చేశాడు. పాడైంది ఏమీ లేదు, ముహూర్తాలు లేవు.

అక్కకు_తమ్ముడు
@గోల్కొండ_గుమాస్తా ఇది అక్కకు చదివి వినిపించాను. "ఇందుకు కంప్యూటరు ఎందుకు, పంచాంగం చాలదా" అంది.

అక్కకు_తమ్ముడు
మూడు నెలలు ఆగి రాస్తున్నాను, అడిగినవాళ్ల కోసం. ఏజెన్సీని మానేశాం. నాలుగు కొత్త పేజీలు నేనే రాశాను, అక్క చెప్పింది చెప్పినట్టు: కుట్టిన బ్లౌజు మీద వర్క్, పాత పట్టుచీర అంచుతో బ్లౌజు, వర్క్ మాత్రమే చేసి ఇవ్వడం, చేతులకు మాత్రమే. ఐదోది "రెండు రోజుల్లో ఇస్తారా" అని రాయబోతే అక్క ల్యాప్‌టాప్ మూసేసింది.

నాలుగూ కలిపి 1,140 సార్లు కనిపించాయి, 96 మంది నొక్కారు, 17 ఫోన్లు, 8 ఆర్డర్లు. మొదటి నెల దాదాపు ఏమీ లేదు, ఆపేద్దామనుకున్నాను. పాత చీర పేజీకి నేను ఊహించనంత మంది వచ్చారు, అందులో ముగ్గురు చీర చేతిలో పట్టుకుని ఏడ్చినంత పని చేశారట, అక్క వాళ్లకు ధర తగ్గించేసింది. ఆ లెక్క నాకు నచ్చలేదు.

@అంకెలపిచ్చి మీరు కూడా సగం గెలిచారు. డిజైన్స్ పేజీలో ధర పెట్టడానికి అక్క నెల తర్వాత ఒప్పుకుంది, "2,500 నుంచి" అని మాత్రమే. అక్కడి నుంచి 5 ఫోన్లు, 1 ఆర్డరు. ఒక పెళ్లికూతురు, ఒకేసారి ఆరు బ్లౌజులు. డబ్బు లెక్కన ఆ ఒక్కటీ మిగతా ఎనిమిదింటితో సమానం.

అంకెలపిచ్చి
సగం కాదు, ముప్పాతిక.

పాత_వెబ్‌మాస్టర్
ఒక్క పెళ్లికూతురిని చూసి శాతాలు కట్టకండి. ఇంకో రెండు సీజన్లు చూద్దాం.

బస్సు_పాసు
మా చెల్లెలి పెళ్లి మాఘంలో. ఐదు బ్లౌజులు, ఒకదానికి నిండా వర్క్ కావాలి. సుమారు ఎంతవుతుంది?

అక్కకు_తమ్ముడు
@బస్సు_పాసు అక్కను అడిగి చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంత దూరం వస్తారా? ఇంకో మాట, మొదట గూగుల్‌లో ఏమని కొట్టారో చెప్పండి, పుస్తకంలో రాసుకోవాలి.